పెరటి వంటిల్లు, అపోహలు - వాస్తవాలు: గ్రిల్ కంటే ముందు నేల సంగతి చూడండి

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, అలెన్ వైపు ఇళ్ల వెనక పెరట్లో వంటిళ్లు కట్టడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో సగం మంది మనవాళ్లే. మాట మొదలయ్యే తీరు కూడా దాదాపు ఒక్కటే. "అన్నా, సేల్‌లో గ్యాస్ గ్రిల్ కొనేశాం. దాని చుట్టూ రాయి కట్టేస్తే ఎంతవుతుంది?" చుట్టూ రాయి కట్టడం ఈ మొత్తం పనిలో తేలికైన ముక్క. అసలు లెక్క ఎక్కడుందో చెప్పేసరికి కొందరికి నా మీదే అనుమానం వస్తుంది. అందుకే ఎక్కువగా వినే అపోహలన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఖర్చంతా గ్రిల్‌దే, అది చవగ్గా దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఈమధ్య ముగించిన ఒక పని లెక్క ఇది. 10 అడుగుల కౌంటర్. సింక్ లేదు, పైకప్పు లేదు. పాత పాటియో (ఇంటి వెనక కూర్చోడానికి పోసిన కాంక్రీటు నేల) కొంత పగలగొట్టి కొత్త స్లాబ్ పోయడానికి 3,500 డాలర్లు. గ్యాస్ లైన్‌కి 2,500. కరెంటుకి 1,800. ఫ్రేమూ రాతి పనీ కలిపి 4,500. పైన గ్రానైట్ 2,800. తలుపులు, సొరుగులు 1,200. పెద్ద బర్నర్ 1,200. పర్మిట్లు, డ్రాయింగులు 500. గ్రిల్ 3,000. అంతా కూడితే 21,000. గ్రిల్ వాటా అందులో ఏడో వంతు. స్లాబు, గ్యాసు, కరెంటు, అంటే పని అయ్యాక కంటికి కనపడనివాటికి 7,800 పోయింది. గ్రిల్ మీద 1,000 డాలర్ల తగ్గింపు దొరికినా మొత్తంలో అది 5 శాతం కూడా కాదు. ఇవి కాక ఇంకో 2,000 పక్కన పెట్టించాను. తవ్వితే ఏం బయటపడుతుందో తవ్వేదాకా తెలియదు. ఆ ఇంట్లో స్ప్రింక్లర్ పైపు సరిగ్గా కందకానికి అడ్డంగా తగిలింది.

సేల్‌లో కొనడంలో ఇంకో చిక్కుంది. 36 అంగుళాల గ్రిల్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే రంధ్రంలో కూర్చోవు. కౌంటర్‌లో కోయాల్సిన కొలత కంపెనీకో తీరుగా ఉంటుంది. కొనడం తర్వాతైనా ఫర్వాలేదు, మోడల్ మాత్రం ముందే ఖాయం చేసుకోండి. దాని కాగితంలో ఉన్న కొలత ప్రకారమే ఫ్రేమ్ కట్టాలి. గ్రిల్‌కి రెండు పక్కలా కనీసం 2 అడుగుల చోటు వదలండి. పచ్చి ముక్కల పళ్లెం ఒక పక్క, వండినది ఇంకో పక్క.

అపోహ: పాటియో ఉందిగా, దానిమీదే కట్టేయొచ్చు.

ఈ నేల మనకి కొత్తేం కాదు. ఆదిలాబాద్‌లోనో కర్నూలులోనో ఎండాకాలం చేలు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, చెయ్యి దూరేంత నెర్రెలు. ఇక్కడి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేలా మన నల్లరేగడీ ఒకే కోవవి. మట్టి శాస్త్రంలో రెండింటినీ వర్టిసాల్ అనే వర్గంలోనే వేస్తారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. బిల్డర్ పోసే 4 అంగుళాల పాటియో కుర్చీలకీ బల్లకీ చాలు. టన్నుకి పైగా రాయీ సిమెంటూ ఒక మూల పేర్చితే అది ఆ మూలకే ఒరుగుతుంది.

ఇది నేను నా సొంత పెరట్లో నేర్చుకున్నాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఉన్న పాటియో మీదే వంట దిమ్మె కట్టేశాను. మొదటి ఆగస్టుకి సొరుగు తనంతట తానే తెరుచుకోవడం మొదలైంది. మరుసటి ఏడు పెనం మీద నూనె వేస్తే ఇంటి వైపు అంచుకి పోయి నిలబడేది. దోసె ఒక పక్క మందం, ఒక పక్క కాగితం. మా ఆవిడ పెనం కింద రేకు ముక్క మడిచిపెట్టి మట్టం చేసుకునేది. వచ్చినవాళ్లందరికీ ఆ రేకు చూపించి, "మా ఇంజినీరు గారి పనితనం" అని పరిచయం చేసేది. చివరికి అంతా పగలగొట్టి మళ్లీ కట్టాను.

ఇప్పుడు ప్రతి పనికీ అంచులు లోతుగా దించి, ఇనప చువ్వలు వేసి విడిగా స్లాబ్ పోస్తాను. ఇంటి పునాదికి దాన్ని కలపను, మధ్యలో జాయింట్ వదులుతాను. ఇల్లు ఒక తీరుగా, దిమ్మె ఒక తీరుగా కదిలితే కదలనివ్వండి, రెండూ ఒకదాన్నొకటి లాక్కోకూడదు.

అపోహ: ఇంటికి గ్యాస్ ఉంది, పైపు లాగితే సరిపోతుంది.

నన్ను అడిగితే బడ్జెట్‌లు తలకిందులయ్యేది ఇక్కడే. గ్యాస్ మీటర్ మీద దాని శక్తి రాసి ఉంటుంది. గంటకి 250 క్యూబిక్ అడుగుల మీటర్ ఇళ్లలో మామూలే. క్యూబిక్ అడుగుకి సుమారు 1,000 బీటీయూ (వేడిని లెక్కగట్టే కొలత) చొప్పున గంటకి రెండున్నర లక్షలు. ఇప్పుడు ఇంట్లో ఉన్నవి కూడండి. హీటింగ్ ఫర్నేస్ 80 వేలు. ట్యాంక్ లేని వాటర్ హీటర్ అయితే 1 లక్షా 99 వేలు. లోపలి స్టవ్ 60 వేలు. బయట గ్రిల్ 75 వేలు, పెద్ద బర్నర్ 60 వేలు. మొత్తం 4 లక్షల 74 వేలు.

అన్నీ ఒకేసారి వెలగవు కదా అంటారు. సంక్రాంతి జనవరిలో కదండీ వచ్చేది! ఒక ఇంట్లో భోగి రోజు పాతికమంది చుట్టాలు. బయట చలి, ఫర్నేస్ ఆగకుండా తిరుగుతోంది. లోపల ఒకరి తర్వాత ఒకరు తలంట్లు. బయట బూరెల మూకుడులో నూనె ఎంతకీ కాగదు, మంట నీలంగా చిన్నగా అణిగిపోయింది. బర్నర్ పాడైందని నన్ను పిలిపించారు. బర్నర్‌కేం కాలేదు, దాని దాకా గ్యాస్ వస్తే కదా. మీటర్ పెద్దది కావాలంటే గ్యాస్ కంపెనీకి దరఖాస్తు చెయ్యాలి, దానికి వారాలు పట్టొచ్చు. ఆ లెక్క పని మొదలుపెట్టకముందే వేయించుకోండి.

పైపు సంగతి ఇంకోటి. ఇంటి మామూలు పీడనం మీద అర అంగుళం ఇనప పైపు 10 అడుగుల దూరానికి గంటకి సుమారు 1 లక్షా 70 వేల బీటీయూ మోస్తుంది. అదే పైపు 60 అడుగులు పోతే 65 వేలకి పడిపోతుంది. మీటర్ ఇంటికి ఒక పక్క, పాటియో ఇంకో పక్క ఉండే ఇళ్లలో 60 అడుగులు పెద్ద దూరమేం కాదు. "అర అంగుళం చాలు, 600 డాలర్లకి లాగేస్తా" అన్న కొటేషన్ చేతికొస్తే, ఎన్ని అడుగులకి, ఎన్ని బీటీయూలకి అని అడగండి. కాగితం మీద లెక్క చూపించనివాళ్లకి పని ఇవ్వకండి.

అపోహ: లైన్ గొడవ ఎందుకు, దిమ్మెలో గ్యాస్ బండ పెట్టేస్తే పోతుంది.

పోతుంది, కానీ రెండు చిక్కులు. ఇక్కడి 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ అంటే 9 కిలోలు, ఊళ్లో మన వంటింటి 14.2 కిలోల బండ కంటే చిన్నది. అందులో సుమారు 4 లక్షల 30 వేల బీటీయూ ఉంటుంది. గ్రిల్లూ పెద్ద బర్నరూ నిండా తిప్పితే మూడు గంటలు. విందు మధ్యలో ఖాళీ అయ్యేది అందుకే.

రెండోది ప్రాణాలకి సంబంధించింది. ప్రొపేన్ గాలి కంటే బరువు. లీకైతే దిమ్మె లోపల అడుగున మడుగులా పేరుకుంటుంది. సహజవాయువు తేలిక, అది పైకి పోతుంది. అందుకే దిమ్మెకి రెండు చివరలా గాలి జాలీలు ఉండాలి, సిలిండర్ ఉన్నచోట నేల మట్టానికి దగ్గరగా తప్పనిసరి. రాతి అందం చెడుతుందని జాలీలు వద్దన్న ఒక ఇంటి పని నేను వదులుకున్నాను. ఇంకెవరో కట్టారు. ఒక సాయంత్రం వెలిగించగానే కింది తలుపు ఊడి లాన్‌లో పడిందట. ఎదురుగా ఎవరూ లేరు, అదృష్టం.

సహజవాయువు కోసం చేసిన గ్రిల్‌కి బండ తగిలించకండి, అటుదీ ఇటు వద్దు. లోపలి జెట్ రంధ్రం కొలతలు వేరు. పసుపు మంట లేచి గిన్నె అడుగు మసిబారుతుంటే మొదట చూడాల్సింది అదే.

అపోహ: మనింట్లో జనం ఎక్కువ, కాబట్టి పెద్ద గ్రిల్ కావాలి.

మీరు బయట ఏం వండుతారో ఒక నెల రాసి చూడండి. చేపల వేపుడు, రొయ్యలు, బజ్జీలు, మటన్, ఆదివారం బిర్యానీ, ఎప్పుడైనా మొక్కజొన్న కండెలు, టిక్కాలు. అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చినప్పుడు నీచు ఇంట్లోకి రాకూడదని అన్నీ బయటికే. వీటిలో గ్రిల్ మీద అయ్యేది మొక్కజొన్న కండెలూ, టిక్కాలూ, ఒకటో రెండో. మిగతావాటికి కావాల్సింది పొయ్యి. 42 అంగుళాల గ్రిల్ పెట్టించుకున్న ఒక ఇంటికి ఏడాది తర్వాత వెళ్తే దాని కవర్ మీద ఆకులు, పక్కన మడత బల్ల మీద వేరే స్టవ్. వాడుతున్నది దాన్నే.

నా సలహా 30 లేదా 32 అంగుళాల గ్రిల్, మిగిలిన డబ్బుతో 60 వేల బీటీయూ దాకా ఇచ్చే పవర్ బర్నర్. గ్రిల్ పక్కన వచ్చే చిన్న సైడ్ బర్నర్ పోపులకీ టీకీ సరిపోతుంది, గుండిగకి చాలదు. ఆ పవర్ బర్నర్‌ని 36 అంగుళాల కౌంటర్ మట్టానికి కాకుండా ఒక అడుగు కిందికి దించి పెట్టించుకోండి. దాని మీద అడుగున్నర గుండిగ ఎక్కిందంటే లోపలికి తొంగిచూడాలి, కలపాలి, ఇద్దరు పట్టి దించాలి. భుజం ఎత్తులో మరిగే నూనె ఎవరికీ వద్దు. దోసెల వాళ్లయితే గ్రిల్ మీద వేసే సన్న రేకుని నమ్ముకోకుండా విడిగా మందపాటి గ్రిడిల్ (పెద్ద చదును పెనం) తీసుకోండి.

అపోహ: స్టెయిన్‌లెస్ అంటే అన్నీ ఒకటే.

గిన్నెల మీద 18/8 అని చూసే ఉంటారు, అది 304 రకం. చవక గ్రిల్స్ ఎక్కువగా 430. అందులో నికెల్ దాదాపు ఉండదు, బయట తొందరగా తుప్పు చుక్కలు వేస్తుంది. అయస్కాంతం తీసుకెళ్లండి. 430కి గట్టిగా అతుక్కుంటుంది. స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్లు ఆ యాసిడ్, క్లోరిన్ డబ్బాలు దిమ్మె అరల్లో దాచకండి. మూత పెట్టినా వచ్చే ఆ ఆవిరికి 304 కూడా తట్టుకోదు.

అపోహ: లోపలి కౌంటర్‌కి వేసిన క్వార్ట్జ్ మిగిలింది, బయటా అదే వేద్దాం.

వద్దు. దాన్ని పట్టి ఉంచేది రెజిన్ అనే జిగురు, ఎండకి పసుపెక్కుతుంది. గ్రానైటో పోర్సలీనో వేసుకోండి, లేత రంగుదైతే మేలు. నల్ల గ్రానైట్ మీద టెక్సస్ జూలైలో చెయ్యి పెట్టలేరు. సున్నపురాయి అందంగానే ఉంటుంది, దాని మీద నిమ్మకాయ పిండి, పసుపు ఒలికించి ఒక రాత్రి వదిలేస్తే ఆ మరకతో కాపురం చెయ్యాల్సిందే.

అపోహ: సింక్ లేని వంటిల్లేంటి?

మా అమ్మా ఇదే అడిగింది. కానీ చాలా నగరాల్లో ఆ నీళ్లని పెరట్లోకి వదలనివ్వరు, మురుగు లైన్‌కి కలపాలి. పైపు వాలు అందకపోతే పాటియో మళ్లీ కొయ్యాలి. నా పనుల్లో సింక్ ఒక్కటే 3,000 డాలర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దానికి తోడు 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారన్‌హీట్‌కి పడింది. ఆ వారం ఎన్ని పైపులు పగిలాయో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సింక్ కావాలనుకుంటే నీటి లైన్‌కి ఇంటి లోపల నీళ్లు కట్టేసే వాల్వ్ ఒకటి, బయట నీళ్లు పూర్తిగా దించే ఏర్పాటు ఉండాల్సిందే. వంటింటి తలుపు 15 అడుగుల్లో ఉంటే నేనైతే సింక్ మానేయమంటాను. ఫ్రిజ్ కూడా అంతే. ఇంట్లో వాడే చిన్న ఫ్రిజ్ 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో నిలవదు, బయటికి చేసినది ఖరీదు. ఐస్ డబ్బా చాలు.

అపోహ: మన పెరడు, మనిష్టం.

గ్యాసుకీ కరెంటుకీ నగరం పర్మిట్, బయటి రూపానికి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోలు. హెచ్‌ఓఏ జవాబుకి నెల పట్టినా ఆశ్చర్యపోకండి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే కంపెనీలు వచ్చి కింద ఏం లైన్లున్నాయో రంగులతో గీసి పోతాయి, ఉచితం. కనీసం రెండు పనిదినాల ముందు చెయ్యాలి. స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్లు గియ్యరు. పైన చెప్పిన ఇంట్లో అయ్యింది అదే.

అపోహ: ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కట్టొచ్చు.

ఇక్కడ గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది. బిల్ట్-ఇన్ గ్రిల్ వేడి వెనక సందులోంచి బయటికి పోవాలి. గ్రిల్ వీపు దక్షిణానికి పెడితే గాలి ఆ వేడిని లోపలికి తోసి ముందున్న నాబ్‌లని కరిగిస్తుంది. పైకప్పు కింద పెడితే పొగకి హుడ్ కావాలి, 1,200 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని క్యూబిక్ అడుగుల గాలి లాగే) స్థాయిది, దాని ఖర్చు పైకప్పు ఖర్చుకి అదనం. పడమటి ఎండ ఎలా కొడుతుందో డ్రాయింగులో తెలియదు. జూలైలో సాయంత్రం 6 గంటలకి వంట చేసేవాళ్లు నిలబడాల్సిన చోట ఒక కుర్చీ వేసుకుని అరగంట కూర్చోండి. కొలతలకి నేనొచ్చేదీ ఆ వేళకే. టీ ఇస్తే తాగుతాను, కుర్చీ మాత్రం నాక్కూడా అక్కడే వెయ్యండి.