పాత చిన్న కారు ఇంజిన్‌ను ఇంట్లో విప్పి కట్టడం: అపోహలు - వాస్తవాలు

లీటరుకు అటూ ఇటూ ఉండే మూడు, నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు ఇంజిన్ ఇంటి పనికి బాగా వీలైనది. బరువు తక్కువ, చుట్టూ చేయి దూరేంత చోటు ఉంటుంది, విప్పాల్సిన వైర్లు కొన్నే. అయినా ఇంట్లో కట్టిన ఇంజిన్లు చాలావరకు రెండు కారణాల వల్లే మళ్లీ విప్పాల్సి వస్తాయి: కొలవాల్సినది కొలవకపోవడం, కడగాల్సినది కడగకపోవడం. కింది అపోహలన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. ఇక్కడ ఇచ్చిన అంకెలు చిన్న ఇంజిన్లలో మామూలుగా కనిపించేవి. మీ ఇంజిన్ వర్క్‌షాప్ మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్నే పాటించండి.

అపోహ: నీలం పొగ వచ్చిందంటే బోరు (సిలిండర్ లోపలి గోడ) పోయినట్టే

పొగ రంగు కన్నా అది ఎప్పుడు వస్తోందన్నదే ఎక్కువ చెబుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారు పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వదిలి తర్వాత శుభ్రంగా నడుస్తున్నా, గేరులో వాలు దిగి కింద మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే పొగ వస్తున్నా ఆయిల్ పైనుంచి దిగుతోందని అర్థం. వాల్వు సీళ్లు (వాల్వు కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపేవి) గట్టిపడి ఉంటాయి, లేదా వాల్వు కాడ ఆడే గైడ్లు అరిగి ఉంటాయి. లోడు మీద ఆగకుండా పొగ వస్తూ, ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ నుంచి కూడా ఊదుతుంటే అప్పుడు పిస్టన్ చుట్టూ ఉండే రింగులనూ బోర్లనూ అనుమానించాలి. దానికన్నా ముందు, ఇంజిన్ కింది భాగంలోని గాలిని వదిలే క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి మంచి ఇంజిన్ కూడా ఆయిల్ తాగుతుంది.

తర్వాత కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్లో పుట్టే ఒత్తిడిని, గేజ్‌తో కొలవాలి. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్‌నూ పెట్రోలునూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టి, నిండు బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌ను ఐదారు దెబ్బల దాకా తిప్పండి. థ్రాటిల్ మూసి ఉంచి కొలిస్తే లోపలికి గాలే రాదు, మంచి సిలిండర్ కూడా చచ్చినట్టు చూపిస్తుంది. కంప్రెషన్ నిష్పత్తి 9 చుట్టుపక్కల ఉన్న ఆరోగ్యమైన ఇంజిన్ ఇంచుమించు 150 నుంచి 190 పీఎస్ఐ చూపుతుంది. అంకె ఎంత అన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10-15 శాతం దాటితే కారణం వెతకాలి.

తక్కువ చూపిన సిలిండర్లో ఒక చెంచా, అంటే 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగు బాగా లేస్తే లోపం రింగుల్లోనో బోరులోనో ఉంది. కదలకపోతే వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. ఆయిల్ మరీ ఎక్కువ పోస్తే పైన ఖాళీ తగ్గి రీడింగు దానంతటదే పెరుగుతుంది, కాబట్టి చెంచా దాటవద్దు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందని దాదాపు తేల్చుకోవచ్చు. ఈ పని అరపూటలో అయిపోతుంది. వాల్వు సీళ్లు మారిస్తే సరిపోయే ఇంజిన్‌ను అనవసరంగా బోరింగుకు (బోరును యంత్రంతో పెద్దది చేయించడానికి) పంపే పని ఇక్కడే తప్పుతుంది.

అపోహ: ఇంజిన్ దించాక కొత్త రింగులు వేస్తే చాలు

అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. సిలిండర్ అంతటా ఒకేలా అరగదు. పై రింగు వెనక్కి తిరిగే చోట మంట ఒత్తిడి రింగును గోడకేసి నొక్కుతుంది, అక్కడే ఆయిల్ పొర అతి పల్చగా ఉంటుంది. అందువల్ల బోరు పైభాగం వెడల్పవుతుంది, అడుగు దాదాపు కొత్తదానిలాగే ఉండిపోతుంది. పిస్టన్ పక్కకు ఒరిగే వైపు ఇంకాస్త ఎక్కువ అరిగి గుండ్రం కోలగా మారుతుంది. రింగు చేరని చివరి పై అంచు అరగక గట్టులా మిగులుతుంది. గోటితో రాస్తే తెలుస్తుంది.

ఇలాంటి బోరులో కొత్త రింగు వేస్తే దాని పదునైన మూల వెళ్లి ఆ గట్టుకు తగులుతుంది. రింగైనా విరుగుతుంది, పిస్టన్ మీద రింగు కూర్చునే గాడి అంచైనా విరుగుతుంది. ఒకవేళ తగలకపోయినా, రింగు కిందకు దిగినప్పుడు ముడుచుకుంటూ పైకి వచ్చినప్పుడు విచ్చుకుంటూ గాడిలో ఆడుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు పొగ మళ్లీ మొదలవుతుంది.

బోర్ గేజ్ ఉంటే ప్రతి సిలిండర్‌నూ పైన, మధ్యలో, అడుగున, మూడు లోతుల్లో కొలవండి. ఒక్కో లోతులో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వరుసన ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. సిలిండర్‌కు ఆరు రీడింగులు వస్తాయి, అన్నీ కాగితం మీద రాసి పెట్టండి. పై నుంచి కిందకు తేడా 0.10 మి.మీ. దాటినా, ఒకే లోతులో రెండు దిక్కుల తేడా 0.05 మి.మీ. దాటినా హోనింగుతో (గోడను రాళ్లతో సన్నగా రుద్దడంతో) సరిపెట్టుకోవద్దు, బోరింగ్ చేయించాల్సిందే.

బోర్ గేజ్ లేకపోతే మరో దారి ఉంది. ఒక రింగును బోరులో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని దానితో సమంగా నెట్టి, గట్టుకు కాస్త కింద ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులతో) రింగు నోటి సందు కొలవండి. అదే రింగును అడుగుకు నెట్టి మళ్లీ కొలవండి. రెండు సందుల తేడాను 3.14తో భాగిస్తే బోరు వ్యాసంలో తేడా వస్తుంది. సందు 0.31 మి.మీ. తేడా ఉందంటే బోరు దాదాపు 0.10 మి.మీ. పెరిగినట్టు. కోల తనాన్ని ఈ పద్ధతి చూపదు, కానీ బోరింగ్ షాపుకు వెళ్లాలా వద్దా అన్నది చాలాసార్లు ఇదే తేల్చేస్తుంది.

అపోహ: ముందు బోరింగ్ చేయిస్తే తర్వాత దానికి తగ్గ పిస్టన్లు తెచ్చుకోవచ్చు

క్రమం తిరగబడాలి. ఓవర్‌సైజు పిస్టన్లు మామూలుగా 0.25, 0.50, ఆపైన 0.75 లేదా 1.00 మి.మీ. పెద్దవిగా దొరుకుతాయి. పాత మోడళ్లకు అన్ని సైజులూ దొరకవు. చేతిలో పిస్టన్లు ఉన్నాకే బ్లాకును ఇవ్వాలి. ప్రతి పిస్టన్‌నూ, దాన్ని రాడ్డుకు కలిపే పిన్నుకు అడ్డంగా, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) మీద తయారీదారు చెప్పిన ఎత్తులో మైక్రోమీటర్‌తో కొలిచి, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో అంకె వేసి, బ్లాకుతో పాటు పిస్టన్లను కూడా షాపులో అప్పగించండి. ఈ సైజు బోర్లలో పిస్టన్‌కూ గోడకూ మధ్య 0.02 నుంచి 0.05 మి.మీ. ఖాళీ ఉంటుంది. డబ్బా మీద ముద్రించిన సైజును నమ్మి బోర్ చేసేవారికి పని ఇవ్వకపోవడం మంచిది.

ఇంటి పని ఎక్కడితో ఆగాలన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. విప్పడం, కొలవడం, కడగడం, కట్టడం ఇంట్లో చేసుకోవచ్చు. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ చదును చేయడం, గైడ్లు మార్చడం షాపు పనులు. బిగుతుగా కూర్చునే పిస్టన్ పిన్నులను కూడా సుత్తితో కొట్టి దించవద్దు. పిస్టన్ వంగుతుంది, పైకి కనిపించదు.

అపోహ: రింగు నోరు ఎంత మూసుకుంటే కంప్రెషన్ అంత బాగుంటుంది

రింగు వేడికి సాగుతుంది. నోట్లో చోటు లేకపోతే రెండు కొసలూ ఒకదానికొకటి తగిలి రింగు గోడను గీకేస్తుంది, ఒక్కోసారి పట్టేస్తుంది. 70 మి.మీ. బోరుకు పై రింగు సందు 0.20 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉండాలి. తక్కువుంటే సన్నని ఆకురాయితో ఒక కొసను మాత్రమే, బయటి అంచు నుంచి లోపలికి రాయండి. కొత్త సెట్టు కదా అని కొలవకుండా వేయొద్దు. చుక్క గానీ అక్షరం గానీ ఉన్న ముఖం పైకి రావాలి. రెండో రింగును తిరగేసి వేస్తే అది గీకి దించాల్సిన ఆయిల్‌ను పైకి ఎక్కిస్తుంది.

అపోహ: బోరింగ్ షాపు నుంచి వచ్చిన బ్లాకును పెట్రోలుతో కడిగితే చాలు

హోనింగ్ రాళ్ల పొడి బోరు గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. పెట్రోలు, కిరోసిన్ ఆయిల్‌ను కరిగించి తీసుకెళ్తాయి, పొడిని అక్కడే వదిలేస్తాయి. ఆ పొడి మీద కొత్త రింగులు నడిస్తే చాలా త్వరగా అరుగుతాయి. దాన్ని లేపేది వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి నైలాన్ బ్రష్. నురగ తెల్లగా మిగిలేదాకా రుద్దండి. ఆయిల్ దారుల చివర ఉండే ప్లగ్గులు తీసి లోపలికీ సన్న బ్రష్ పోనివ్వాలి. గ్రైండింగ్ అయి వచ్చిన క్రాంక్ ఆయిల్ రంధ్రాలకూ ఇదే పని చేయాలి. కడిగిన వెంటనే గాలి పట్టి ఆరబెట్టి ఆయిల్ పూయండి, ఎందుకంటే తడి పోత ఇనుము నిమిషాల్లో తుప్పు పడుతుంది. చివరికి ఆయిల్‌లో ముంచిన తెల్లగుడ్డతో బోరు తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు మరక వస్తే మళ్లీ సబ్బు నీళ్ల దగ్గరకే వెళ్లాలి.

గ్యాస్కెట్ ముఖాలు శుభ్రం చేయడానికి డ్రిల్లుకు తగిలించే గరుకు నారచక్రాలు వాడకండి. వాటి నుంచి రాలే రాపిడి పొడి ఆయిల్ దారుల్లోకి చేరి కొత్త బేరింగులను తినేస్తుంది. ప్లాస్టిక్ గీకుడు పలక, ఓపిక ఉంటే సరిపోతుంది.

అపోహ: కొత్త బేరింగులు వేస్తే నాకింగ్ (ఇంజిన్ అడుగున టకటక చప్పుడు) పోతుంది

క్రాంక్ జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) గుండ్రం తప్పితే ఏ కొత్త షెల్లూ (సగం గుండ్రని బేరింగు రేకు) దాన్ని సరిచేయదు. ముందు ప్రతి జర్నల్‌నూ మైక్రోమీటర్‌తో రెండు దిక్కుల కొలవండి. 0.02 మి.మీ. మించి కోల ఉన్నా, గోటికి గీత తగిలినా గ్రైండింగ్‌కు పంపి 0.25 అండర్‌సైజు షెల్లులు వేయాలి. తర్వాత ప్లాస్టిగేజ్ అనే, నొక్కితే నలిగే ప్లాస్టిక్ తీగ ముక్కను పొడి జర్నల్ మీద పొడవునా పెట్టి, షెల్లును పట్టి ఉంచే క్యాపును పూర్తి టార్కుతో (చెప్పిన బిగింపు బలంతో) బిగించి, విప్పి, నలిగిన వెడల్పును కవరు మీది కొలతతో పోల్చండి. ఈ మధ్యలో క్రాంక్ కదలకూడదు. చిన్న ఇంజిన్లలో 0.02 నుంచి 0.05 మి.మీ. సరైన ఖాళీ. షెల్లు వీపు భాగం, అది కూర్చునే గుంట పొడిగా శుభ్రంగా ఉండాలి. ఆయిల్ లోపలి ముఖానికే పూయాలి. ఖాళీ ఎక్కువైందని షెల్లు వెనక రేకు ముక్క పెట్టడం, క్యాపు ముఖాన్ని ఆకురాయితో రాయడం, ఈ రెండూ మంచి రాడ్డును శాశ్వతంగా పాడుచేస్తాయి.

క్యాపులు ఒకదాని చోట ఒకటి మారకూడదు, తిరగబడకూడదు. విప్పేముందే అంకెలు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే చుక్కలు కొట్టి పెట్టుకోండి.

అపోహ: బోల్టు ఎంత బిగిస్తే అంత భద్రం, సీలెంట్ ఎంత పూస్తే అంత భద్రం

హెడ్ బోల్టు పని చేసేది కొద్దిగా సాగి, ఆ సాగుడుతో హెడ్‌ను నొక్కి పట్టడం ద్వారా. హద్దు దాటి సాగితే మెడ సన్నబడి పట్టు పోతుంది. మధ్య నుంచి బయటకు, చెప్పిన వరుసలో, మూడు విడతలుగా బిగించండి. మర తడిగా ఉన్నప్పటి టార్కూ పొడిగా ఉన్నప్పటి టార్కూ ఒకటి కాదు. ఒకే రీడింగు దగ్గర నూనె పూసిన మర ఎక్కువ సాగుతుంది. కాబట్టి మాన్యువల్ ఏది చెబితే అది. బ్లాకులో అడుగు మూసి ఉన్న రంధ్రాల్లో ఆయిల్ గానీ నీళ్లు గానీ మిగిలితే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవం నలగదు, బ్లాకే పగులుతుంది. గాలి ఊది ఆరబెట్టాకే బోల్టు దించాలి.

సిలికాన్ సీలెంట్ ఎక్కువైతే సగం లోపలికి పిండుకుని తెగి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దగ్గర 2-3 మి.మీ. గీత చాలు. మామూలు హెడ్ గ్యాస్కెట్ పొడిగానే కూర్చోవాలి.

అపోహ: హెడ్‌కు వాల్వులు రాయిస్తే (సీటుకు అతికేలా రుద్దిస్తే) పని అయిపోయినట్టే

అరిగిన గైడులో వాల్వు ఊగుతుంటే ఎంత రాయించినా సీటు మీద ఒకే చోట కూర్చోదు. ముందు గైడు చూడండి, తర్వాత ఉక్కు పట్టీ, ఫీలర్ గేజ్‌తో హెడ్ ముఖం. 0.05 మి.మీ. ఫీలర్ దూరితే చదును చేయించాలి. రాయించాక సీటు మీద తెగని బూడిదరంగు వలయం, 1.2 నుంచి 1.5 మి.మీ. వెడల్పున రావాలి. వాల్వులు బిగించి పోర్టుల్లో (హెడ్‌లోని గాలి, పొగ దారుల్లో) కిరోసిన్ పోసి చూడండి. కొన్ని నిమిషాల దాకా కారకూడదు. సీసం కలిపిన పెట్రోలు కాలంలో తయారైన కొన్ని హెడ్‌లలో ఎగ్జాస్ట్ సీట్లు మెత్తనివి. సీసం లేని పెట్రోలుతో, ముఖ్యంగా ఎక్కువ వేగంలో, అవి లోపలికి దిగిపోతాయి. హెడ్ ఎలాగూ బయటే ఉంది కాబట్టి గట్టి సీట్లు వేయించడానికి సరైన సమయం అదే.

అపోహ: కొత్తగా కట్టిన ఇంజిన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచాలి

ఇది చేయకూడని పని. రింగులు గోడకు ఒదగాలంటే వాటి వెనక మంట ఒత్తిడి కావాలి, ఐడిల్‌లో అది ఉండదు. గోడ మీది సన్న గీతల కొనలు సరిగా అరగకుండా పైన జిగురు పొర పట్టి బోరు అద్దంలా మెరుస్తుంది. ఆ తర్వాత రింగులు ఇక కూర్చోవు. వాల్వులు తెరిచే క్యామ్‌కు, టాపెట్లకు ఆయిల్ చాలావరకు క్రాంక్ చిమ్మడం వల్ల అందే ఇంజిన్లలో తక్కువ వేగం మరో ప్రమాదం.

సరైన పద్ధతి ఇది. కట్టేటప్పుడే ఆయిల్ పంపును ఆయిల్‌తో నింపండి. క్రాంక్, క్యామ్‌ల టైమింగ్ గుర్తులు కలిపాక స్పానర్‌తో చేత్తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలుస్తున్నాయా చూడండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకుండా ఆపేయాలి. ప్లగ్గులు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో కొద్దికొద్దిగా విడతలుగా తిప్పండి. ఆ తర్వాతే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి. స్టార్ట్ కాగానే 1500 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య మారుస్తూ 20 నిమిషాలు నడపండి. నీళ్ల వేడినీ, ఎక్కడైనా ఏదైనా కారుతోందా అన్నదీ గమనిస్తూ ఉండాలి. లైటు వెలిగితే వెంటనే ఆపాలి.

ఆపైన రోడ్డు మీదకు. మూడో గేరులో సగానికి పైగా యాక్సిలరేటర్ తొక్కి వేగం పెంచి, పూర్తిగా వదిలి గేరులోనే తగ్గనివ్వండి. ఇలా పది పదిహేను సార్లు. వదిలినప్పుడు పుట్టే వాక్యూమ్ కాస్త ఆయిల్‌ను గోడల మీదకు లాగి రజనును కడుగుతుంది. పెద్ద గేరులో ఈడ్చడం, ఒకే వేగంలో గంటసేపు పోవడం, పూర్తి వేగం, ఈ మూడూ మొదటి 1000 కి.మీ. వద్దు.

ఈ దశలో మామూలు మినరల్ ఆయిల్, మాన్యువల్ చెప్పిన గ్రేడు వాడండి. కొత్త బేరింగుల సన్న ఖాళీల్లోకి మరీ చిక్కని ఆయిల్ చల్లటి ఇంజిన్‌లో ఆలస్యంగా చేరుతుంది. మొదటి ఆయిల్, ఫిల్టర్ 500 కి.మీ. లోపే మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి చూడండి. సన్నని బూడిద రజను మామూలే. మెరిసే రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగుల పై పొర అప్పుడే పోయిందని అర్థం, కారును ఇక నడపకుండా సంప్ దించాలి. అదే రోజు చల్లటి ఇంజిన్ మీద టాపెట్ ఖాళీలు (వాల్వుకూ దాన్ని నెట్టే భాగానికీ మధ్య సందులు) మళ్లీ సరిచూడండి. కొత్తగా రాయించిన వాల్వులు కాస్త లోపలికి కూర్చుని ఖాళీ తగ్గుతుంది. ఖాళీ పూర్తిగా పోతే వాల్వు మూసుకోక కాలిపోతుంది. పాత రకం గ్యాస్కెట్ అయితే మాన్యువల్ చెప్పిన పద్ధతిలో హెడ్ బోల్టులకు మరోసారి టార్కు పట్టండి, ఆ తర్వాతే టాపెట్లు కొలవండి, ఎందుకంటే హెడ్ బిగిస్తే ఆ ఖాళీలు మళ్లీ మారతాయి.