వాన, విరాటపర్వం, తాటిపండు

అనంతపురం

పాపకు, అబ్బికి,

మొన్న పండక్కి వచ్చినప్పుడు మీరిద్దరూ దేవుడి మీద వేసుకున్న వాదులాట మంచం మీద పడుకుని అంతా విన్నాను. దేవుడున్నాడా లేడా అన్నది నేను తేల్చను. పొద్దున దీపం పెట్టకపోతే నాకు ఏదో వెలితి. కానీ మీరు చెప్పిన రుజువులే నాకు మింగుడుపడలేదు.

అబ్బీ, "ఊళ్లో విరాటపర్వం చదివించారు, వాన పడింది, ఇంకేం కావాలి?" అన్నావు. ఆ పందిట్లో నేనూ ఉన్నాను. శెనక్కాయ ఊడలు దిగే వేళ. మధ్యాహ్నానికల్లా ఆకులు ముడుచుకునేవి. ఊరంతా చందాలేసుకుని రాములోరి గుడి ముందు పందిరేసి రోజూ రాత్రి చదివించాం. ఆరో రాత్రి చినుకులు మొదలైతే, పుస్తకం తడవకుండా కండువా కప్పి గుళ్లోకి పరిగెత్తాం. మీ జేజి సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

తెల్లారి వంక అవతలి ఊరికి పోయాను. అక్కడా చేలు తడిశాయి. వాళ్లు ఏమీ చదివించలేదు, చందా పోగుకాక మానుకున్నారు. ఆ మాట మా నాయనకు చెబితే "మన పుణ్యం వాళ్లకూ అంటిందిలే" అన్నాడు. మరుసటేడు చదివించినా వాన రాలేదు. అప్పుడేమో "నిష్ఠ చాలలేదు" అన్నాడు. వస్తే పర్వం మహిమ, రాకపోతే మన తప్పు. ఇక ఏం జరిగితే ఆ మాట తప్పని ఒప్పుకుంటారు?

మనకు ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అన్ని నెలల్లోకీ ఎక్కువ వాన సెప్టెంబరులోనే. ఆగస్టు ఎండకు ఓర్చుకోలేక మనం పర్వం మొదలుపెడతాం. చదివించినా మానినా వెనకాలే వానల నెల ఉంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకతాళీయం అనే మాట అందులోంచి వచ్చిందే. (కాకులే వాలవని చెప్పుకునే యాగంటిలో తాటిపండ్లు ఎట్లా రాలతాయని మీ నాయన చిన్నప్పుడు నన్ను అడిగాడు.)

పిల్లల్లేనివాళ్లు మొక్కుకునే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను సంగతీ అంతే. బిడ్డ పుట్టినవాళ్లు మళ్లీ వచ్చి మొక్కు చెల్లించి పదిమందికి చెబుతారు. పుట్టనివాళ్లు రారు, వచ్చినా నోరు విప్పరు. అంత పెద్ద మాను కింద మన చెవిన పడేవి ఫలించిన మొక్కులే.

పాపా, నువ్వు నవ్వుకోకు. "ఫలానా బాబా దొంగని తేలింది, కాబట్టి దేవుడు లేడు" అన్నావు. అంగడాయన తూకంలో మోసం చేస్తే బియ్యమే లేవని అంటామా? "నమ్మేవాళ్లంతా భయంతో నమ్ముతారు" అని కూడా అన్నావు. ఎందుకు నమ్మారన్నది వేరు, నమ్మింది నిజమా అన్నది వేరు.

హేతువులా కనబడి హేతువు కానిదాన్ని మన తర్కంలో హేత్వాభాసం అంటారు. దేవుడున్నాడని నిరూపించడానికి ఏకంగా గ్రంథమే రాసిన ఉదయనాచార్యుడు ఆ తర్కం చదివినవాడే. దేవుడి పేరు చెప్పినంత మాత్రాన తప్పు వాదనను ఆ తర్కం చదివినవాళ్లు వదిలిపెట్టలేదు.

ఇక యాగంటి నంది. 20 ఏళ్లకు అంగుళం పెరుగుతోందని "సైంటిస్టులే చెప్పారు" అన్నావు కదా అబ్బీ. ఎవరు, ఏ ఏడు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలిచారు? దసరా సెలవులకు రండి, పోదాం. పూజారి ఒప్పుకుంటే టేపు పెడదాం. ఒక్కసారి కొలిస్తే ఏమీ తేలదు, 20 ఏళ్లయ్యాక మీరే మళ్లీ పోయి కొలవాలి. ముందు కొబ్బరికాయ కొట్టాకే టేపు తీయాలని మీ జేజి షరతు పెట్టింది.

మీ జేజినాయన