ఫైరింజన్ మీద అడవిపంది

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

నేను పంపిన ఫోటో చూసి, ఫైరింజన్ తలుపు మీద పంది బొమ్మ ఎందుకు వేశారని అడిగారు కదా. దానికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకిష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

అది కోరలున్న అడవిపంది. జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఉన్న ఎబర్‌బాఖ్ అనే ఊరి గుర్తు. తెల్లటి డాలు, దాని మీద నడుస్తున్న నల్లటి అడవిపంది, కింద నీలిరంగులో నీళ్లు. అక్కడి భాషలో ఎబర్ అంటే మగ అడవిపంది, బాఖ్ అంటే వాగు. జనంలో చాలామందికి అక్షరం ముక్క రాని రోజుల్లో ఊరి పేరునే ఇలా బొమ్మగా వేసుకున్నారు. రోతెన్‌బుర్గ్‌కు ఎర్రకోట, లిండావుకు లిండెన్ చెట్టు, మ్యూనిక్‌కు సన్యాసి వచ్చింది కూడా ఇలాగే.

ఈ డాలు గుర్తును జర్మన్లు వాపెన్ అంటారు. దేశంలో పదివేలకు పైగా స్థానిక సంస్థలున్నాయి. మన పంచాయతీ అంత చిన్న ఊళ్లు కూడా అందులో బోలెడు. వాటిలో చాలావాటికి సొంత వాపెన్ ఉంటుంది, సొంత జెండా ఉంటుంది. ఊరి ఆఫీసు ముద్ర మీద, ఉత్తరాల మీద, ఫైరింజన్ల మీద అదే కనిపిస్తుంది. ఎవరు పడితే వాళ్లు వాడుకోవడానికి లేదు, ఊరి అనుమతి కావాలి. మన దగ్గర రాష్ట్రానికి చిహ్నం ఉంది కానీ ఊరూరికీ ఇలా విడిగా ఉండే ఆనవాయితీ లేదు. అందుకే మీకు వింతగా అనిపించి ఉంటుంది.

ఇదంతా 12వ శతాబ్దంలో మొదలైంది. ఇనుప కవచంలో ముఖం కనపడని యోధుణ్ణి డాలు మీద బొమ్మను బట్టి గుర్తుపట్టేవారు. అదే కాలంలో పట్టణాలు మైనం ముద్రలు చేయించుకున్నాయి. పల్లెల సంగతి వేరు. వాళ్లకు యోధులూ లేరు, ముద్రలతో పనీ తక్కువ. కానీ పొలిమేర తగాదాలు మాత్రం ఉండేవి! బాడెన్ ప్రాంతంలో హద్దురాళ్ల మీద ఒక్కో పల్లె తన గుర్తు చెక్కించేది. ఒకరిది గుర్రపు నాడా, ఇంకొకరిది నాగటి కర్రు, మరొకరిది ఒట్టి అక్షరం. 1900 ప్రాంతంలో కార్ల్స్‌రూహె నగరంలోని ప్రభుత్వ పాత పత్రాల భాండాగారం వాళ్లు పాత ముద్రలూ గుర్తులూ వెతికి, పల్లె పల్లెకూ పద్ధతిగా వాపెన్ గీసి ప్రతిపాదించారు. ఎంత ఓపికైన పనో ఆలోచించండి. హద్దురాయి మీది నాడాను పడేయకుండా డాలు మీదికి ఎక్కించారు, నాకు ఇందులో బాగా నచ్చేది అదే.

గీయడానికి నియమాలున్నాయి. రెండు లోహాలు: బంగారం, వెండి. అంటే బొమ్మలో పసుపు, తెలుపు. రంగులు ముఖ్యంగా నాలుగు: ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ. లోహం మీద లోహం వేయకూడదు, రంగు మీద రంగు వేయకూడదు. మన ఆటోల నంబర్ ప్లేటు పసుపు మీద నలుపు కాబట్టే దూరం నుంచి కనపడుతుంది, ఇదీ అంతే. ఇంకో తమాషా, కుడి ఎడమలు చూసేవాడివి కావు, డాలు పట్టుకున్నవాడివి. మీకు ఎడమవైపు కనపడేది డాలుకు కుడి.

ఇక చదవడం నేర్చుకోండి. ఎర్ర డాలు మీద ఆరు చువ్వల తెల్ల చక్రం కనిపిస్తే, ఆ ఊరు ఒకప్పుడు మైన్జ్ ఆర్చిబిషప్పుల (క్రైస్తవ మతపెద్దల) ఏలుబడిలో ఉండేదని దాదాపు చెప్పేయొచ్చు. వాళ్లలో విలిగిస్ అనే ఆయన బండి చక్రాలు చేసేవాడి కొడుకని, అందుకే చక్రమని ఒక కథ చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, మైన్జ్‌కు చాలా దూరంలో ఉన్న ఎర్‌ఫుర్ట్ నగరానికీ ఆ చక్రమే. నల్ల డాలు మీద బంగారు సింహం ఉంటే అది రైన్ నదీ ప్రాంతంలో పాలటినేట్ అనే పాత రాజ్యాన్ని ఏలినవాళ్లది. హైడెల్‌బర్గ్ గుర్తులో ఎర్ర కిరీటంతో నిలబడింది ఆ సింహమే. అలల గీత ఉంటే ఏరు, ద్రాక్షగుత్తి ఉంటే ద్రాక్షతోటలు, అది మీరే చెప్పేయగలరు.

1960లు, 70లలో పశ్చిమ జర్మనీలో చిన్న ఊళ్లను కలిపి పెద్దవి చేశారు. సుమారు 24,000 ఉన్నవి 8,500 దాకా తగ్గాయి. ఊళ్లు కలిస్తే గుర్తుల గతి ఏమిటి? చాలాచోట్ల కొత్త డాలును ముక్కలు చేసి ఒక్కో ఊరి నుంచి ఒక్కో వస్తువు తెచ్చి పెట్టారు, లేదా ఎన్ని ఊళ్లు కలిస్తే అన్ని నక్షత్రాలు వేశారు. నిజం చెప్పాలంటే ఇవి అంత అందంగా ఉండవు, కిక్కిరిసిపోతాయి. కానీ ఏ ఊరి వాళ్లూ మా గుర్తు పోయిందని బాధపడకూడదు కదా.

ఊరి గుర్తును బలవంతంగా లాక్కున్న రోజులూ ఉన్నాయి. కోబుర్గ్ పట్టణం గుర్తు సెయింట్ మారిస్ తల. ఆయన ఆ ఊరిని కాచే సాధువు, నల్లజాతి మనిషిగా చిత్రిస్తారు. నాజీలకు అది గిట్టలేదు. 1934లో ఆ తల తీసేసి స్వస్తిక్ ఉన్న కత్తి పెట్టారు. 1945లో వాళ్లు కూలగానే మారిస్ తిరిగొచ్చాడు. అయితే ఆ తలను గీసిన తీరు నల్లవాళ్లను కించపరిచేలా ఉందని 2020లో కొందరు మార్చమన్నారు, మార్చొద్దని మరికొందరు పట్టుబట్టారు. సాధువును ఉంచి, గీత మార్చాలన్నది నా అభిప్రాయం.

జెండా సంగతి సులువు. డాలులోని రంగులే చారలవుతాయి. మామూలుగా బొమ్మ రంగు పైన, డాలు రంగు కింద. ఎర్ర డాలులో తెల్ల బొమ్మలు, తెల్ల డాలులో ఎర్ర బొమ్మలు ఎక్కువ కాబట్టి ఎరుపు తెలుపు జెండాలు ఎక్కడ చూసినా కనపడతాయి, మధ్యలో వాపెన్ చూస్తే గానీ ఏ ఊరిదో తెలియదు.

వీటన్నిటిలో నా మనసు దోచింది హెల్గోలాండ్ జెండా. ఉత్తర సముద్రంలో చిన్న దీవి, జనాభా సుమారు 1,300. పైన ఆకుపచ్చ, మధ్యలో ఎరుపు, కింద తెలుపు. వాళ్లకు దాని మీద ఒక పాట ఉంది: నేల పచ్చన, కొండ అంచు ఎర్రన, ఇసుక తెల్లన, ఇవే మా హెల్గోలాండ్ రంగులు. పడవలోంచి చూస్తే దీవి అచ్చం అలాగే ఉంటుంది: పైన గడ్డి, కింద ఎర్ర ఇసుకరాతి కొండ, పక్కనే తెల్ల దిబ్బ. పచ్చ పక్కనే ఎరుపు పెట్టడం పాత నియమానికి అంతగా నప్పదు, అయినా అక్కడి నేలే అలా ఉంటే ఏం చేస్తారు!

ఆ దీవి 1807 నుంచి బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉండి 1890లో జర్మనీకి వచ్చింది. 1945 ఏప్రిల్‌లో రెండో ప్రపంచ యుద్ధపు బాంబులు పడ్డాక జనాన్నంతా ఖాళీ చేయించారు. జర్మనీ ఓడాక దీవి మళ్లీ బ్రిటిష్ వాళ్ల చేతిలోకి వెళ్లింది. 1947 ఏప్రిల్ 18న బ్రిటిష్ నౌకాదళం అక్కడ సుమారు 6,700 టన్నుల పేలుడు పదార్థాలు పేల్చింది. ఆ తర్వాత కూడా బాంబులు వేసి సాధన చేసే చోటుగా వాడుకున్నారు. 1950 డిసెంబర్‌లో హైడెల్‌బర్గ్ నుంచి వెళ్లిన ఇద్దరు విద్యార్థులు ఎవరూ లేని ఆ దీవిలో దిగి, దాన్ని తిరిగివ్వాలంటూ మూడు జెండాలు ఎగరేశారు. ఒకటి జర్మనీది, ఒకటి ఐరోపా ఐక్యత కోరే ఉద్యమానిది, మూడోది ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు. 1952 మార్చి 1న దీవిని జర్మనీకి తిరిగి ఇచ్చారు, ఊరివాళ్లు వెనక్కొచ్చి ఇళ్లు కట్టుకున్నారు.

ఉంటాను.

మీ
తాతయ్య