మొబైల్ హోమ్ కింద ఏం జరుగుతోంది: యాంకర్లు, బ్లాకులపై అపోహలు - వాస్తవాలు

"ఇన్ని టన్నుల ఇల్లండీ, గాలికి కదులుతుందా ఏమిటి?" అమెరికాలో మొబైల్ హోమ్‌లు (ఫ్యాక్టరీలో కట్టి, తెచ్చి స్థలంలో పెట్టే ఇళ్ళు) సెటప్ చేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ మాట వినని వారం ఉండదు. కొత్తగా కొన్నవాళ్ళు అంటారు, పార్కులో ఇల్లు కొని అద్దెకిచ్చేవాళ్ళు అంటారు, పక్కింటాయన చెప్పాడని యాంకర్లు (ఇంటిని పట్టి ఉంచడానికి నేలలోకి దింపే కడ్డీలు) తగ్గించమని బేరమాడేవాళ్ళూ అంటారు. ఆ పక్కింటాయన ఎవరో గానీ అన్ని పార్కుల్లోనూ ఉన్నాడు!

అపోహ: ఇంటి బరువే ఇంటిని పట్టుకుంటుంది

లెక్క వేసి చూడండి. 14 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న సింగిల్‌వైడ్ (ఒకే ముక్కగా వచ్చే ఇల్లు) అనుకుందాం. పైకప్పు 840 చదరపు అడుగులు. హడ్ (అమెరికా గృహనిర్మాణ శాఖ) గాలి తీవ్రతను బట్టి ప్రాంతాలను విండ్ జోన్‌లుగా విడదీసింది, ఆ ప్రమాణాల ప్రకారం జోన్ 2 ఇల్లు చదరపు అడుగుకి 27 పౌండ్ల చొప్పున పైకి లాగే గాలిని తట్టుకోవాలి. మొత్తం 22 వేల పౌండ్లు దాటుతుంది. ఆ సైజు ఇళ్ళు చాలావాటి బరువు కూడా ఇంచుమించు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే గాలి పైకి లాగేసరికి మీరు నమ్ముకున్న బరువు దాదాపు మాయం. అదే సమయంలో గోడను పక్కకు నెట్టే గాలి చదరపు అడుగుకి 39 పౌండ్లు. 8 అడుగుల ఎత్తు గోడ మీద అది 18,720 పౌండ్లు. బరువు తేలిపోయిన ఇంటికి ఈ తోపు చాలదా?

చాలామందికి తట్టని విషయం ఇంకోటుంది. కింద పేర్చిన కాంక్రీట్ బ్లాకులకీ ఇంటికీ మధ్య మామూలుగా ఏ బిగింపూ ఉండదు. ఇంటి అడుగునున్న ఉక్కు దూలం (ఐ-బీమ్) వాటి మీద ఊరికే కూర్చుని ఉంటుంది, మూడు రాళ్ళ పొయ్యి మీద గిన్నెలాగా. బరువు మోయడం వరకే బ్లాకుల పని. పక్కకు జరగకుండా, పైకి లేవకుండా ఆపాల్సింది యాంకర్లు, వాటికి ఇంటిని కట్టే పట్టీలు, అంటే స్ట్రాపులే. ఇల్లు మొత్తం ఎగిరిపోనక్కర్లేదు. కొన్ని అంగుళాలు జరిగి బ్లాకుల మీద నుంచి దిగితే చాలు, గ్యాస్ లైను, నీళ్ళ పైపులు, ఫ్లోరు అన్నీ పోతాయి.

అందుకే యాంకర్ అంటే "ఇన్‌స్పెక్షన్ కోసం గుచ్చే కడ్డీ" అనేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. మామూలు గ్రౌండ్ యాంకర్ 3,150 పౌండ్ల లోడుకి పనిచేయాలి, పరీక్షలో 4,725 పౌండ్లు తట్టుకోవాలి. ఆ బలం దానికి మట్టి ఇస్తుంది. మట్టి ఏ రకమో టార్క్ ప్రోబ్‌తో (మట్టి గట్టిదనం కొలిచే కడ్డీ) చూసి దానికి తగిన యాంకర్ ఎంచుకోవాలి, పూర్తి లోతుకి దింపాలి. ఒకసారి ఓ పెద్దావిడ "గాలి వేసిన రాత్రి నిద్ర పట్టట్లేదు బాబూ" అంటే వాళ్ళ ఇంటి కిందకి దూరి చూశాను. ఒక వైపు యాంకర్ల తలలు నేలకి జానెడు పైన తేలి ఉన్నాయి. కింద రాయి తగిలితే పెట్టినవాళ్ళు అక్కడే ఆపేశారన్నమాట. కడ్డీలన్నీ ఇంటి వైపు వంగిపోయాయి, కడ్డీ పక్కకు వంగకుండా మట్టిలో పాతే స్టెబిలైజర్ ప్లేట్ ఒక్కదానికీ లేదు. స్ట్రాప్ ఏటవాలుగా లాగుతుంది కదా, ప్లేట్ లేకపోతే కడ్డీ పైమట్టిని కోసుకుంటూ వంగుతుంది. వంగినంత మేరా స్ట్రాప్ వదులవుతుంది. నేను వేలితో ఎత్తితే స్ట్రాప్ లేచి వచ్చింది. ఆవిడ భయం ఉత్తి భయం కాదు. పాపం, అంతకుముందు అడిగిన ప్రతివాళ్ళూ "టెన్షన్ పడకండి, ఇల్లు బరువే" అని పంపేశారట.

అపోహ: యాంకర్లు ఎక్కువ వేస్తే ఏ ఇల్లైనా కోస్తాలో పెట్టొచ్చు

కుదరదు. 1992లో ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాలో చేసిన విధ్వంసం తర్వాత హడ్ గాలి నిబంధనలను కఠినం చేసింది, అవి 1994లో అమల్లోకి వచ్చాయి. జోన్ 1 ఇంటికి చదరపు అడుగుకి పక్క తోపు 15 పౌండ్లు, పై లాగుడు 9 పౌండ్ల లెక్కే. గోడలు, పైకప్పు జాయింట్లు కూడా ఆ లెక్కకే కట్టి ఉంటాయి. కింద ఎన్ని యాంకర్లు దింపినా పైన జాయింటు మారదు. సెకండ్‌హ్యాండ్ ఇల్లు చౌకగా వస్తోందని అడ్వాన్స్ ఇచ్చేముందు డేటా ప్లేట్ (ఇల్లు ఏ జోన్‌కి కట్టారో చెప్పే కాగితం) చూడండి. ఎలక్ట్రికల్ ప్యానెల్ దగ్గరో, కిచెన్ కబోర్డు లోపలో, బెడ్‌రూమ్ క్లోజెట్‌లోనో అంటించి ఉంటుంది. జోన్ మ్యాపు దాని మీదే ఉంటుంది. 1976 జూన్ 15కి ముందు తయారైనవి హడ్ కోడ్ కంటే పాతవి, వాటికి ఈ లెక్కలేవీ వర్తించవు.

అపోహ: ఒకసారి లెవెల్ చేస్తే చాలు

మట్టి దిగుతుంది, చలి ప్రాంతంలో గడ్డకట్టి పైకి తోస్తుంది కూడా. తలుపులు బిగుసుకుపోవడం, కిటికీ మూలల్లో పగుళ్ళు రావడం మొదటి గుర్తులు. ఇల్లు ఒక అంగుళం కుంగినా స్ట్రాపు వదులవుతుంది. అప్పుడు స్ట్రాపు బిగించడానికి పరిగెత్తొద్దు, ముందు లెవెల్ సరిచేయించి ఆ తర్వాతే బిగించాలి. చుట్టూ నేల మొదటి 10 అడుగులు అడుగుకి అర అంగుళం చొప్పున బయటికి వాలుగా ఉంటే సగం గొడవ తప్పుతుంది. బ్లాకుల కింది పునాదిని (ఫుటింగు) ముంచేది ఎక్కువగా నీళ్ళే.

మిగతావి గబగబా. బ్లాకుల కన్నాలు నిలువుగా ఉండాలి, అడ్డంగా పడుకోబెడితే చితికిపోతాయి. ఒంటి వరస బ్లాకులు 36 అంగుళాల ఎత్తు వరకే, అది దాటితే రెండేసి చొప్పున, ఒక వరస మీద ఇంకో వరస అడ్డంగా వచ్చేలా అల్లి పేర్చాలి. షిమ్‌లు (సందు పూడ్చే చీలలు) జతగా, ఎదురెదురుగా కొట్టాలి, ఒక్కటే దూర్చితే జారుతుంది. ఇంటి చుట్టూ అడుగు భాగాన్ని కప్పే స్కర్టింగ్ ఇంటిని పట్టుకోదు, అది చూడ్డానికీ, చలికీ. జాక్ మీద మాత్రమే ఆగి ఉన్న ఇంటి కిందకి ఎవరూ దూరొద్దు, "ఒక్క నిమిషం" అని కూడా వద్దు.

టోర్నడో సంగతి వేరు. యాంకర్లు ఎంత బాగా వేసినా మొబైల్ హోమ్ టోర్నడోకి ఆశ్రయం కాదు. అమెరికా వాతావరణ శాఖ (నేషనల్ వెదర్ సర్వీస్) చెప్పేదీ అదే. టోర్నడో వాచ్ (రావచ్చనే ముందస్తు హెచ్చరిక) వచ్చినప్పుడే దగ్గర్లోని గట్టి భవనానికి వెళ్ళిపోండి. వార్నింగ్ (టోర్నడో కనిపించిందనో, రాడార్‌లో పడిందనో చెప్పే హెచ్చరిక) మోగాక తాళాలు వెతుక్కునే టైమ్ ఉండకపోవచ్చు.