వెనక సీటు వాళ్లకు

పిల్లలకు ఆశీస్సులు.

పదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడే మా మనవరాలు అడిగింది. “తాతయ్యా, బండి నడిపేది అన్నయ్య. నేను వెనకాల ఊరికే కూర్చుంటాను. నాకెందుకు హెల్మెట్? జుట్టంతా పాడైపోతుంది.” మీలో చాలామందికి ఈ అనుమానం ఉండే ఉంటుంది. అందుకే జవాబు అందరికీ రాస్తున్నాను.

సూత్రాలు మీ సైన్సు పుస్తకంలో ఉన్నాయి, వాటి జోలికి పోను. కుండల సంగతి చెబుతాను.

మా ఊళ్లో కుమ్మరి పెదనాన్న సంత రోజున తెల్లారకముందే బండి కట్టేవాడు. అడుగున వరిగడ్డి పరిచి, ఒక వరస కుండలు బోర్లించి, సందుల్లో గడ్డి కూరి, మళ్లీ ఇంకో వరస. పైన మోకు వేసి కాలితో తన్నిపట్టి బిగించేవాడు. గడ్డి అందించే పని నాది. కూలి కింద సంత దాకా బండెక్కించుకుని, అక్కడ జీళ్లు కొనిపెట్టేవాడు. ఆ జీళ్లు పళ్లకు అంటుకుంటే సాయంత్రం దాకా వదిలేవి కావు! దారిలో ఎద్దులు బెదిరి టక్కున నిలబడిపోతే బండి ఆగేది గానీ కుండలు ఆగేవి కావు. అన్నీ ఒక్కసారిగా ముందుకు ఒరిగేవి. గడ్డి నలిగి ఆ దెబ్బ మింగేది. “వెనక వరసకు ఇంత గడ్డి దేనికి?” అని అడిగితే, “వెనకది వచ్చి ముందుదాన్ని గుద్దితే రెండూ పెంకులేరా” అన్నాడు.

మనవరాలి ప్రశ్నకు జవాబు అదే. బండి టక్కున ఆగితే వెనక కూర్చున్నవాళ్లూ ఆ కుండల్లాగే ముందుకు దూసుకొస్తారు. కారులో వెనక సీటు బెల్టు పెట్టుకోని వాళ్లకూ అదే.

హెల్మెట్ తిరగేసి చూడండి. లోపల గుడ్డ కింద థర్మకోల్ లాంటి తెల్లటి దళసరి పొర ఉంటుంది. అదే మన గడ్డి. గడ్డం కింద పట్టీ, మోకు. పట్టీ బిగించకపోతే తల నేలకు తగిలేలోపే హెల్మెట్ ఎగిరిపోతుంది. కొందరు దాన్ని మోచేతికి తగిలించుకుపోతారు, గడ్డిమోపు బండి వెనక వేలాడదీసినట్టు! నలిగిన గడ్డిని పెదనాన్న ఎద్దులకు వేసి కొత్తది పరిచేవాడు. హెల్మెట్ లోపలి పొర కూడా ఒకసారి నలిగితే మళ్లీ పొంగదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను ఎద్దులు కూడా తినవు, పారెయ్యండి. ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొనుక్కోండి.

చట్టం సంగతి రెండు ముక్కలు. నాలుగేళ్లు దాటిన ఎవరికైనా, ముందైనా వెనకైనా, హెల్మెట్ తప్పనిసరి. వెనక ఎక్కాల్సింది ఒక్కరే. పదహారేళ్లకు దొరికేది 50 సీసీ లోపు గేర్లు లేని బండి లైసెన్సు. మీ ఇళ్లలో ఉన్న స్కూటీలు 110, 125 సీసీవి. వాటికి 18 నిండాలి. ఈలోపు మీరు నడిపి పట్టుబడితే, ప్రమాదం జరగకపోయినా సరే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం నాన్నకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, మీకు పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తాళాలు ఇచ్చి మురిసిపోయే నాన్నలకు ఈ పేరా చదివి వినిపించండి.

వెనక కూర్చున్నవాళ్లకూ ఒక పని ఉంది. చున్నీ కొస చక్రం వైపు వేలాడకుండా ముడేసుకోవడం ఎలాగూ ఉంది. అంతకంటే ముఖ్యం, నోరు విప్పడం. “మెల్లగా పోరా” అనండి. వినకపోతే “ఆపు, దిగుతాను” అనండి. స్నేహితుడు రెండు రోజులు అలుగుతాడు, అంతేగా?

వేగం ఎంతో కాగితం మీద చెబితే మీకు నమ్మకం కలగదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. ఎదురుగా కుక్క వచ్చిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఇంచుమించు ఆ సెకను కాస్తా అయిపోతుంది. బండి ఆగడం ఆ తర్వాతి మాట. ఈ సాయంత్రం బళ్లు లేనప్పుడు మీ గేటు దగ్గర నుంచి వీధి వారగా ఇరవై అడుగులు వేయండి, అంత దూరమన్నమాట. అందులో ఎన్ని గేట్లున్నాయో, ఎన్ని సందులు వచ్చి కలుస్తున్నాయో, ఎవరింటి పసివాడు బంతి కోసం పరిగెత్తుతున్నాడో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య