శాసనం "మాయం" అనే ముందు: అపోహలు - వాస్తవాలు

శాసనాలు నమోదు చేసిన పాత సర్కారు రిపోర్టు పట్టుకుని ఊరికి వెళ్తారు. రాసిన చోట రాయి కనపడదు. సాయంత్రానికల్లా "శాసనం మాయం" అని కబురు పుట్టేస్తుంది. మాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే.

అపోహ: చెప్పిన చోట లేకపోతే రాయి పోయినట్టే.
చాలాసార్లు పోయేది రాయి కాదు, దాని చిరునామా. వందేళ్ల నాటి నివేదికల్లో ఊరిపేరు దొరల స్పెల్లింగులో, తాలూకా పేరుతో ఉంటుంది. 1985లో మండలాలొచ్చి ఆ లెక్కంతా మారిపోయింది. "చెరువు గట్టుకు తూర్పున" అని ఉంటే, ఆ చెరువే ఇప్పుడు ప్లాట్లయి ఉండొచ్చు. గుడి బాగుచేసినప్పుడు రాయి మెట్టయిపోతుంది, లేదా ప్రహరీలో కలిసిపోతుంది. పూజారి కంటే ముందు గుడికి సున్నం కొట్టిన మేస్త్రీని అడగండి.

నిజంగా పోయినవీ ఉన్నాయి. అమరావతి స్తూపం పలకలు ఎన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయో!

అపోహ: కలమళ్ల శాసనం మద్రాసు మ్యూజియంలో పోయింది.
తొలి తెలుగు శాసనంగా చెప్పే ఈ రాయి గురించి ఈ మాట ఏళ్ల తరబడి తిరిగింది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి ఈ శాసనం కడప జిల్లా కలమళ్లలో, చెన్నకేశవాలయ ఆవరణలోని విరిగిన స్తంభం మీద ఉన్నట్టు పురావస్తు సర్వే శాసనాల పాఠాలు అచ్చేసే ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలోనే ఉంది. ఊళ్లో చూడకుండా మద్రాసులో వెతకడమేమిటో! ఇంకొకటి: అందరూ చెప్పే క్రీ.శ. 575 రాతి మీద లేదు. లిపిని బట్టి పండితులు వేసిన అంచనా అది.

అపోహ: రాయి లేకపోతే పాఠమూ లేనట్టే.
రాయిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో గుంటల్లోకి దిగేలా కొట్టి, పైన సిరా అద్దితే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. అదే ఎస్టాంపేజీ. పురావస్తు సర్వే శాసన విభాగం 1966లో ఊటీ నుంచి మైసూరుకు మారింది. ఇలాంటి కాగితాలు అక్కడ వేలకొద్దీ ఉన్నాయి. రాయి అరిగిపోయినా అచ్చు సాక్ష్యం చెబుతుంది.

అయితే "మా ఊరి శాసనం వివరాలు పంపగలరు" అని మైసూరుకు రాస్తే జవాబు కష్టం. నివేదిక ఏడాది, వరుస నంబరు, అప్పటి తాలూకా, ఇప్పటి మండలం రాయండి. స్తంభమైతే "ఎన్ని ముఖాలకు అచ్చు తీశారు?" అని తప్పక అడగండి. ఒక ముఖం గోడకు ఆనుకుని ఉండి, ఆ పక్క ఎవరూ చదవని సందర్భాలుంటాయి.

అపోహ: మెకంజీ కైఫీయత్తులో నకలుంటే చాలు.
కైఫీయత్తులంటే మెకంజీ దొర రెండొందలేళ్ల కిందట సేకరింపజేసిన ఊళ్ల వృత్తాంతాలు. వాటిలోని శాసనాల నకళ్లు కంటితో చూసి రాసుకున్నవి. ర, ఱలు తారుమారై ఉండొచ్చు. చదవలేని పంక్తులు వదిలేసి ఉండొచ్చు. కానీ శక సంవత్సరం, తిథి, వారం, దాత పేరు ఉంటే, దొరికిన రాయి అదో కాదో పోల్చుకోవచ్చు. అంతవరకే వాడండి.

అపోహ: శాసనం కింద నిధి ఉంటుంది.
వాటిలో ఎక్కువగా ఉండేది భూదానం, అఖండ దీపం, చెరువు. తవ్వి రాయి పగలగొట్టకండి.

ఫొటో పంపేవాళ్లు అక్షరాలకు సుద్ద పూయొద్దు. పూసినవాడు ఏం చదివాడో అదే మాకూ కనిపిస్తుంది. పొద్దున్నే ఏటవాలు ఎండలో, పక్కన స్కేలు పెట్టి, నాలుగు వైపులా తీయండి.