ఎముకను దాటి లోపలి చెవిని చూడటం

తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చదివే విద్యార్థి కణత ఎముకను చేతిలోకి తీసుకుంటే, వినికిడికి మూలమైన కర్ణావర్తం (కాక్లియా) ఆ ముక్కలోనే ఉంటుంది గాని బయటికి ఏమాత్రం కనబడదు. రెండున్నర చుట్లు తిరిగిన ఆ గొట్టం పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు. శబ్దాన్ని గ్రహించే రోమ కణాలు అందులో దాదాపు 15,000 ఉంటాయి. పలుచని ముక్కలుగా కోస్తే ఆ చుట్ల వరుస చెదిరిపోతుంది. కోయకుండా చూడాలంటే కాంతి లోపలికి వెళ్లాలి. అందుకు ఖరీదైన సూక్ష్మదర్శిని కంటే నమూనాను సిద్ధం చేసే తీరే ముఖ్యమని నా అభిప్రాయం.

ముందుగా కణజాలం కుళ్లకుండా ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరుస్తారు. ఎముకను ద్రావణంలో ముంచినంత మాత్రాన అది లోపలికి త్వరగా చేరదు కనుక, లోపలి చెవి గోడలో పొరతో మూసి ఉండే అండాకార, వర్తులాకార కిటికీలనే చిన్న రంధ్రాలను తెరిచి నెమ్మదిగా ఎక్కిస్తారు. తర్వాత ఈడీటీఏ అనే రసాయన ద్రావణం ఎముకలోని కాల్షియాన్ని పట్టుకొని బయటికి లాగుతుంది. ఎలుక చెవికి కొన్ని రోజులు చాలు, మనిషి కణత ఎముకకు నెలలు పడుతుంది. ఘాటైన ఆమ్లాలు ఈ పనిని వేగంగా చేస్తాయి గాని, కణాలకు రంగు పట్టించడానికి వాడే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) గుర్తుపట్టవలసిన ప్రోటీన్లను కూడా దెబ్బతీయగలవు. కణాలకు సరిగా రంగు పట్టించాలనుకునేవారు ఇక్కడ తొందరపడకూడదు.

కాల్షియం పోయినా కణజాలం తెల్లగానే ఉంటుంది. నీటి వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే శక్తికి కొలత, 1.33, ప్రోటీన్లకు, కొవ్వులకు అది ఎక్కువ. ఈ తేడా ఉన్న ప్రతి సరిహద్దు దగ్గరా కాంతి చెదురుతుంది. ప్రయోగశాలలో బోరోసిలికేట్ గాజు కడ్డీని గ్లిజరిన్‌లో ముంచితే దాదాపు కనబడకుండా పోవడానికి కారణం, రెండింటి గుణకమూ సుమారు 1.47 కావడమే. ఈ సూత్రంతోనే జర్మనీకి చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త స్పాల్టెహోల్జ్ ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో, నొప్పుల బామ్‌లకు ఘాటైన వాసననిచ్చే మిథైల్ సాలిసిలేట్ వంటి ద్రవాలతో అవయవాలను పారదర్శకం చేశాడు. అయితే ఈ ద్రవాలు నీటితో కలవవు కనుక నీటినంతా ముందే ఆల్కహాల్‌తో తీసేయాలి, అప్పుడు కణజాలం కుంచించుకుపోతుంది; కొలతలు తీసేవారు దానిని లెక్కలోకి తీసుకోక తప్పదు. లోపల గాలి బుడగ మిగిలినా, రక్తపు రంగు పోకపోయినా ఆ మేర చిత్రంలో నీడ పడుతుంది. రంగును హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పోగొడతారు.

ఇలా పారదర్శకమైన గినీ పంది కర్ణావర్తంలోకి పక్క నుంచి పలుచని కాంతి పొరను పంపి, వోయ్, బర్న్స్, స్పెల్మన్ అనే పరిశోధకులు 1993లో పొరపొరగా చిత్రాలు తీశారు. కర్ణావర్తం మొదట్లో హెచ్చు పౌనఃపున్య (కీచు) శబ్దాలు, కొసన తక్కువ పౌనఃపున్య (బొంగురు) శబ్దాలు నమోదవుతాయి. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు వంటి వాటి వల్ల సాధారణంగా మొదటి భాగంలోని బయటి రోమ కణాలే ముందు నశిస్తాయి. చుట్లు చెదరని నమూనాలో ఏ స్థానంలో ఎన్ని కణాలు మిగిలాయో వరుసగా లెక్కించి, ఏ శబ్దాలు వినిపించకుండా పోయాయో దానితో పోల్చి చూడవచ్చు.